తాగని రోజు

వాళ్ళు వచ్చేసరికి ముసలి కాంపౌండరు వరండాలో కూర్చుని భార్య మాత్రలకి పొట్లాలు కడుతున్నాడు. వారానికి ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి కూతురు కొనిపెట్టింది. అది ఆయనకి నచ్చదు. కాగితానికి నాలుగు మడతలు, చివర చిన్న మెలి, అంతే. కింద పడ్డా చిందదు. చూపు మందగించింది గానీ వేళ్ళకి కళ్ళు అక్కర్లేదు.

"నాన్నా, నీతో చెప్పానే, ఆసుపత్రిలో ప్రదర్శన పెడుతున్నారని. ఈ అమ్మాయే పెడుతోంది," అంది కూతురు. డ్యూటీ దిగి అలాగే వచ్చేసింది, నర్సు బూట్లు కూడా మార్చుకోలేదు. వెనకాల ఇంకో అమ్మాయి, కళ్ళజోడు, భుజానికి పెద్ద సంచీ.

లోపల్నుంచి ముసలామె కేకేసింది. "ఎవరే?"

"ఆసుపత్రి నుంచి అమ్మా."

"మళ్ళీనా! ఇంకా ఏం మిగిలిందని పట్టుకెళ్తారు? మీ నాన్న పళ్ళా? అవీ లేవుగా!"

ప్రదర్శనమ్మాయి నవ్వాలో వద్దో తెలీక కుర్చీ అంచున కూర్చుంది. తను వచ్చిన పని చెప్పింది. గంజాయి నుంచి తీసిన మందు మళ్ళీ ఆసుపత్రికి వచ్చింది. చిన్న సీసా, నూనెలాంటి చుక్కలు. మూర్ఛలకి, ఇంకే మందుకీ లొంగని నొప్పులకి ఇస్తున్నారు. తయారుచేసే కంపెనీ, ఆసుపత్రి కలిసి పాత చరిత్రంతా జనానికి చూపిద్దామనుకున్నాయి. వేల ఏళ్ళ కిందటి వైద్యులు దీన్నెలా వాడారు, ఓడల్లో తిరిగిన డాక్టర్లు దీన్ని దేశదేశాలకి ఎలా పట్టుకెళ్ళారు, మందుల జాబితాలోకి ఎలా ఎక్కింది, ఎందుకు కొట్టేశారు, ఇప్పుడెలా తిరిగొచ్చింది.

గంజాయి అన్న మాట ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఎవరూ ఎత్తరు. ఆ అమ్మాయి ఉప్పూ కారం అన్నంత తేలిగ్గా నాలుగైదు సార్లు అనేసింది.

"మీ దగ్గర అప్పటి రిజిస్టరు ఉందటగా తాతగారూ."

ఆయన చేతిలో పొట్లం పూర్తిచేశాడు, మెలి తిప్పాడు, పక్కన పెట్టాడు. అప్పుడు లేచి లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి సంచీలోంచి తెల్ల గ్లవ్స్ తీసి తొడుక్కుంది.

"దానికేం అంటుకోదులే అమ్మా. చెదపురుగులే వద్దనుకుని వదిలేశాయి."

ఆమె పేజీలు మెల్లగా తిప్పింది. రాత గుండ్రంగా, అచ్చేసినట్టుంది. తేదీ. ఏ మూట ఆకు. తర్వాత ఒక గడి, దాని మీద ఒకటే మాట, 'నేను', కింద అంకెలు. ఆ పక్కన మడత వంకరపోయిన వేళ. చివర్న సీసా మీద రాసిన అంకె, ఆ సీసా ఎవరెవరికి ఇచ్చారో.

"ఈ 'నేను' ఏంటి తాతగారూ?"

"నేనే." ఆయన మాట ఎప్పుడూ అంతే, బావిలోంచి చేద లాగినట్టు వస్తుంది. "ఆకంతా ఒక్కలా ఉండదమ్మా. ఒక మూట ఎండలో ఎండుతుంది, ఒకటి నీడలో. ఒకటి నిన్నటిది, ఒకటి గోదాములో మూడేళ్ళు మగ్గింది. స్పిరిట్లో వారం నానేసి వడగడితే మాత్రం అన్నీ ఒకటే ఆకుపచ్చ. చూస్తే తెలీదు, వాసనకి తెలీదు. అందుకని కొత్త మూట వచ్చినప్పుడల్లా ముందు నేను తాగేవాణ్ణి."

"మీరా?"

"ఇంకెవరు తాగుతారు? పొద్దున్నే పరగడుపున ఐదు చుక్కలు. తాగి పొట్లాలు కట్టడానికి కూర్చునేవాణ్ణి. సోడా పొడివి, వంద. గంటన్నరకి ఎక్కుతుంది. మడత తిన్నగా వస్తోందంటే ఏమీ కానట్టు. మర్నాడు పది. ఆ మర్నాడు పదిహేను. ఏ రోజు మడత వంకర పోతుందో ఆ రోజు చుక్కలు లెక్కేసి, దాన్లో సగం సీసా మీద రాసేవాణ్ణి. అది రోగికి."

"ఇదెవరు నేర్పారు?"

"నా ముందున్న కాంపౌండరు. ఆయనకి ఆయన ముందాయన."

"ఆ రోజుల్లో ఇంటికొచ్చాక కందిరీగ కుట్టినా నవ్వేవారు," అంది ముసలామె గుమ్మంలోకొచ్చి. "నయం, పాము విషం ఇచ్చే ఆసుపత్రిలో పని దొరకలేదు."

ఆ అమ్మాయి గబగబా రాసుకుంటోంది. రాస్తూ రాస్తూ తలెత్తింది. "మరి మిమ్మల్ని ఎందుకు తీసేశారు?"

కూతురే చెప్పింది. "మందు రద్దయింది. సీసాలన్నీ కొలిచారు. ఇంత నానేస్తే ఇంతే ఉందేంటి, మిగతాది ఏదీ అన్నారు. నాన్న ఈ పుస్తకం తీసుకెళ్ళి చూపించాడు. ఇంకేం! తాగడమే కాకుండా తాగినట్టు రాసి మరీ పెట్టుకున్నాడన్నారు. ఆ వారమే పంపేశారు. ఈ పుస్తకం చెత్తబుట్టలో పడేస్తే తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి మత్తు మేస్త్రీ అని పేరు. నేను అదే ఆసుపత్రిలో ఇరవై మూడేళ్ళుగా నర్సుని. సూది నొప్పి తెలీకుండా గుచ్చానంటే మెచ్చుకుంటారనుకున్నావా? మత్తు మేస్త్రీ కూతురు కదా, చేయి తగిల్తే చాలు మత్తొస్తుంది అంటారు. నా ముందే."

ప్రదర్శనమ్మాయి కలం మూసింది.

"పుస్తకం ఇస్తాం," అంది కూతురు. "ఊరికే ఇవ్వం. మా నాన్న ఆ చుక్కలు పరీక్ష కోసమే తాగాడని, దొంగా కాదు, మత్తుమందు మనిషీ కాదని ఆసుపత్రి రాసివ్వాలి. స్టాంపు వేసి. అదొక్కటే నాకు కావాలి."

ముసలాయన ఇంకో కాగితం తీసి మడతపెట్టడం మొదలెట్టాడు.

*

ప్రదర్శన పెట్టేది పాత మందుల గదిలోనే. రెండు రోజుల తర్వాత కూతురు చేయి పట్టుకుని, పుస్తకం చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర కాలు ఎప్పటిలాగే కొంచెం ఎత్తి వేశాడు, కానీ అక్కడ గడప లేదు, తీసేశారు. కాలు గాల్లో పడి తూలబోయాడు.

మందులిచ్చే కిటికీ మూసేసి గోడ కట్టారు. నూరే రాతిబల్ల మాత్రం ఉంది, మధ్యలో చేతులు ఆనిన చోట పల్లంగా. దాని చుట్టూ తాడు కట్టారు. గోడల నిండా బోర్డులు. పాత వైద్యుడి బొమ్మ, ఓడ బొమ్మ, నిషేధించిన ఏడాది ఎర్రగా. ఆఖరి బోర్డు మీద కొత్త సీసా, మనిషంత ఎత్తున. ఆకు మూట నుంచి సీసా వరకు అన్నీ ఉన్నాయి. మధ్యలో తాగినవాడు ఒక్కడే లేడు.

ఆసుపత్రి పెద్ద డాక్టరు తనే ఎదురొచ్చాడు. కూతురికన్నా చిన్నవాడు. మంచి మనిషి, కుర్చీ తనే జరిపి వేశాడు. "మీ సంగతి విన్నాక చాలా బాధేసింది తాతగారూ. ఉత్తరం టైపు చేయించాను. వినండి." ప్రదర్శనమ్మాయి చదివింది. సదరు కాంపౌండరు తీసుకున్న చుక్కలు విధి నిర్వహణలో భాగమని, ఆయన మీద మోపిన నేరం సరికాదని, ఆసుపత్రి విచారిస్తోందని.

"ఇంకోసారి చదువమ్మా."

మళ్ళీ చదివింది. కూతురు గోడ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆయన మోకాళ్ళ మీద రెండు చేతులూ బోర్లా పెట్టుకుని, మూడోసారి ఎవరైనా చదువుతారేమో అన్నట్టు కూర్చున్నాడు.

"ఇది చూడండి, స్టోర్లో దొరికింది," అని ఆ అమ్మాయి చట్రం కట్టిన ఫోటో తెచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద సిబ్బందంతా నాలుగు వరసలుగా. "మీరెక్కడున్నారు?"

ఆయన వేలు రెండో వరసలో ఆగింది. కొత్త చొక్కా, నూనె రాసి దువ్విన తల.

"అబ్బ, కళ్ళు ఎంత తేటగా ఉన్నాయో! మత్తు మేస్త్రీ అంటే ఎవరన్నా నమ్ముతారా ఈ ఫోటో చూస్తే? ఇదే పెద్దది చేసి పెడతాను."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళొచ్చాక తాగలేదు.

ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఎంతమందికి ఈ మందు ఇచ్చారో రిజిస్టర్లో లెక్కేస్తోంది. పదకొండేళ్ళు, ఏడొందల పైచిలుకు మనుషులు. వేలితో గీతలు దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయింది. 'నేను' గడిలో అంకె లేదు, సున్నా చుట్టి ఉంది. కింద పేజీ అంతా రాసి ఉంది.

"చదువమ్మా," అన్నాడాయన. "గట్టిగా చదువు."

ఆమె చదివింది. "కొత్త మూట. నేను తాగి చూడలేదు. పాత సీసా మీద అంకే దీని మీద వేశాను. తొమ్మిదో మంచం మనిషికి మొహం నరం నొప్పికి ఇరవై చుక్కలు ఇచ్చారు. ఆకు మూడింతలు ఘాటుది. రెండు రోజులు ఆ మనిషి ఈ లోకంలో లేదు. కన్నకొడుకుని చూసి ఎవరో అనుకుని అరిచింది. మంచం మీంచి పడి తుంటి విరిగింది. తప్పు నాది."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"చూడండి తాతగారూ. మీరు డ్యూటీలో భాగంగానే తాగేవారని ఇప్పుడు మేం ఒప్పుకుంటున్నాం. అలాంటప్పుడు ఒకరోజు తాగకుండా ఇచ్చి ఒకామె పడిపోయిందంటే, అది మీ ఒక్కరి తప్పు అవదు. ఆసుపత్రిది అవుతుంది. స్టాంపు వేసి మరీ నెత్తిన పెట్టుకున్నట్టు. పైగా కంపెనీ వాళ్ళు, ఈ పుస్తకంలో ఒక్కరికీ హాని లేదని అచ్చుకి ఇచ్చేశారు."

"నేనింకా మొత్తం చూడకముందే ఇచ్చారు," అంది ప్రదర్శనమ్మాయి బల్ల వైపు చూస్తూ.

"ఒక్క పేజీ. మేం ముట్టుకోం, మీ పుస్తకం, మీ ఇష్టం. ఆ పేజీ లేకుండా తీసుకురండి. ఉత్తరం మీద ఎల్లుండే సంతకం పెడతాను."

*

మర్నాడు మధ్యాహ్నం కూతురు బ్లేడు తెచ్చి పుస్తకం పక్కన పెట్టింది. స్కేలు కూడా తెచ్చింది. ముసలామె గోడకి చేరగిలబడి కూర్చుంది, ఏమీ అనకుండా. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అరుదు.

"ఎందుకు తాగలేదు నాన్నా ఆ రోజు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"ఫోటో."

కూతురికి అర్థం కాలేదు.

"అది తాగితే కళ్ళు చింతనిప్పుల్లా అవుతాయి. సాయంత్రం దాకా దిగవు. ఆ రోజు సిబ్బందికి ఫోటో తీస్తామన్నారు. జీవితంలో మొదటి ఫోటో నాకు."

"నేనే అన్నాను," అంది ముసలామె గోడ దగ్గర్నుంచి. "ఎర్ర కళ్ళేసుకుని దిగకండి, మా పుట్టింటికి ఒకటి పంపాలి అన్నాను. చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. పంపాను కూడా. మా అన్నయ్య చూసి, నీ మొగుడు బాగున్నాడే అన్నాడు."

కూతురు ఇద్దరినీ చూసింది.

"ఆమె ఏమైంది?"

"నూలు మిల్లులో పనిచేసేది. నిలబడి చేసే పని. మళ్ళీ పోలేకపోయింది." ఆయన స్కేలు తీసి పుస్తకం కుట్టు పక్కన ఆనించాడు, సరిచేశాడు. "మూడేళ్ళు కర్ర ఊతంతో వచ్చింది, మందుకి. ఇంకో కిటికీ ఖాళీగా ఉన్నా నా కిటికీకే వచ్చేది. చుక్కలు చూసి ఇవ్వు నాయనా, అనేది. అంతే. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది."

"విచారణలో ఇది అడగలేదా?"

"పేజీలు తిప్పారుగా. 'నేను' గడిలో అంకెలు కూడుకుంటూ పోయారు. అక్కడ సున్నా ఉంది కదా, దాటేశారు." బ్లేడు కాగితం విప్పాడు. "తాగిన రోజులన్నీ లెక్కేసి నన్ను తీసేశారు. తాగని రోజు సంగతి ఒక్కడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దొంగ అన్నారని ఒళ్ళు మండిపోయి, అదొక్కటే పట్టుకుని ఉండిపోయాను."

"అయిపోయింది కదా నాన్నా! ఆమె ఎప్పుడో పోయుంటుంది. నేనున్నాను. ఇరవై మూడేళ్ళు! క్యాంటీన్లో నా వెనకాల ముసిముసి నవ్వులు. ఇంకో ఐదేళ్ళలో రిటైరవుతాను, నాకు దండేసే రోజున కూడా ఎవడో ఒకడు అదే జోకు వేస్తాడు. ఒక కాగితం ముక్క కోస్తే అదంతా పోతుంది. నువ్వు కొయ్యకపోతే చెప్పు, నేను కోస్తా."

"నువ్వొద్దు. వంకర పోతుంది."

బ్లేడు పై అంచున పెట్టాడు. అంగుళం దాకా తెగింది, సన్నగా, దారం లాగినట్టు. అక్కడ ఆపి, తలెత్తకుండానే అడిగాడు.

"మీ వార్డులో ఈ కొత్త చుక్కలు మొదటిసారి ఇచ్చాక, మనిషి పక్కన ఎంతసేపుంటారు?"

"ఉండటమేంటి? ముప్పై మంచాలకి ఇద్దరం. ఇచ్చి పక్క మంచానికి పోతాం."

"కాసేపన్నా?"

"ఇది నీ ఆకు కాదు నాన్నా. మెషిన్లో కొలుస్తారు. సీసాలన్నీ ఒకటే."

"సీసాలు ఒకటేలే. మంచాల మీద మనుషులో?"

"కంపెనీ వాళ్ళు క్లాసు కూడా చెప్పారు మాకు. వందల ఏళ్ళుగా వాడుతున్నదే, పాత రికార్డుల్లో ఒక్కరికీ..."

పుస్తకం వంక చూసింది. ముసలాయన బ్లేడు పట్టుకుని అలాగే ఎదురుచూస్తున్నాడు, కొయ్యమంటే కోస్తాను అన్నట్టు. కూతురు ఆయన వేళ్ళ మధ్య నుంచి బ్లేడు తీసుకుంది. దాని కాగితంలో దాన్ని మళ్ళీ చుట్టింది. లోపలికెళ్ళి గోధుమరంగు అంటుకాగితం తెచ్చి, తెగిన అంగుళం మీద తనే అతికించింది.

*

మర్నాడు పెద్ద డాక్టరు గదిలో ఎక్కువ మాటలు జరగలేదు.

"పేజీ ఉంది బాబూ," అన్నాడు ముసలాయన. "పుస్తకం తీసుకోండి."

"ఉత్తరం ఇవ్వలేను తాతగారూ."

"తెలుసు."

"ఇచ్చినవారి పేరు కూడా వెయ్యలేను. పేరు వేస్తే ఎవరు, ఏంటి అని తవ్వుతారు. ఇంత అన్యాయం ఎందుకు మీకు మీరే... పుస్తకం తీసుకెళ్ళిపోండి, పోనీ. అదీ కాదంటే..."

"తీసుకెళ్ళి ఏం చేసుకోను? చెదలు కూడా వద్దన్నాయని చెప్పానుగా."

కూతురు ముందుకొచ్చింది. "పేజీలన్నీ ఉన్నట్టు, ఏదీ తియ్యకూడదన్నట్టు రసీదు ఇవ్వండి సార్. అదివ్వచ్చుగా?"

పెద్ద డాక్టరు ఆలోచించి, రాసిచ్చాడు. టైపు చేసిన ఉత్తరాన్ని సొరుగులోకి నెట్టాడు. నెడుతున్నంతసేపూ కూతురి చూపు దాని వెంటే వెళ్ళింది.

బయటికొచ్చాక వరండా అంతా నడిచారు. ఆఖరున ఆమె, "రిక్షా పిలవనా, నడుస్తావా?" అంది. "నడుస్తాను," అన్నాడు. ఆమె ఆయన చేయి మాత్రం పట్టుకోలేదు ఆ రోజు. నాలుగడుగులు ముందే నడిచింది. ఆయనా అడగలేదు.

*

ప్రదర్శన మొదలైన రోజు ఆయన వెళ్ళనన్నాడు. రెండో రోజూ వెళ్ళలేదు. మూడో రోజు ముసలామె, "మీ రాతిబల్లని కూడా చూసిరారేం, దానికి మీకన్నా మర్యాద జరుగుతోందట," అంటే చొక్కా వేసుకున్నాడు.

గదిలో జనం బాగానే ఉన్నారు. ఫోటో పెట్టలేదు. రిజిస్టరు గాజుపెట్టెలో ఉంది, మొదటి పేజీ తెరిచి. పక్కన చిన్న అట్ట. 'ఆసుపత్రి మందుల రిజిస్టరు. రాసినవారి వివరాలు తెలియవు.' ఆయన వంగి, వేలు గాజు మీద పెట్టి, ఆ రెండు ముక్కలూ కూడబలుక్కుని చదివాడు. పక్కనున్నాయన, "రాత చూశారా, ముత్యాల్లా ఉంది," అన్నాడు. "ఆఁ, బాగుంది," అన్నాడు.

అప్పుడే కూతురు లోపలికొచ్చింది. వెనకాల నర్సు శిక్షణలో ఉన్న పిల్లలు పది మంది. వాళ్ళకి చూపించే పని ఆమెకే వేశారు. తండ్రిని చూసింది. ఆగలేదు, పలకరించలేదు. పిల్లల్ని గాజుపెట్టె చుట్టూ నిలబెట్టింది.

"సిస్టర్, 'నేను' అంటే ఎవరు?" అంది ఒక పిల్ల.

"మందు చేసే కాంపౌండరు. రోగికిచ్చే ముందు తను తాగి చూసేవాడు."

"రోజూనా? భలే ఉద్యోగం!" అంది ఇంకో పిల్ల. అందరూ కిసుక్కున నవ్వారు.

కూతురి మొహం ఎర్రబడింది. ఆయన దొంగా కాదు, మత్తుమందు మనిషీ కాదని ఇరవై మూడేళ్ళుగా నోట్లో పెట్టుకున్న జవాబు ఆమె దగ్గరుంది. ముసలాయన అది వస్తుందనే చూశాడు.

"ఒకరోజు తాగలేదు," అంది ఆమె. "నూట నలభై మూడో పేజీ. ఇక్కడ తెరవలేదు కానీ లోపల ఉంది. తొమ్మిదో మంచం మీద ఒకామె..." నెమ్మదిగా మొత్తం చెప్పింది. మూట సంగతి, ఇరవై చుక్కలు, కొడుకుని చూసి అరవడం, తుంటి, నూలు మిల్లు. ఏదీ తగ్గించలేదు, ఏదీ దాచలేదు. ఫోటో సంగతి కూడా చెప్పింది. "అందుకని మీరు మొదటి మోతాదు ఇచ్చాక పక్క మంచానికి పోకండి. ఎవరేమన్నా స్టూలు లాక్కుని కూర్చోండి. రెండు గంటలు."

మొదట అడిగిన పిల్ల గాజు మీంచి ఆ గుండ్రటి రాత వంక చూస్తూ అడిగింది.

"ఫోటో కోసమా సిస్టర్? ఆ కాంపౌండర్ని ఏం చేశారు?"

"తీసేశారు."

"మంచి పని చేశారు," అంది ఆ పిల్ల.

కూతురు తల తిప్పి తండ్రి వైపు చూసింది. ముసలాయన ఆ పిల్లకేసి చూసి, అవునన్నట్టు తలూపాడు.